పద్యము కావాలి, పాడినవాడు వద్దు
(కవికోకిల గుర్రం జాషువగారి జీవితము)

మన డయోసిస్ శతాబ్ది సంచికలో మిషనరీల త్యాగమును గురించి, ఆలయ నిర్మాణములను గురించి, పాఠశాలలు ఆసుపత్రులను గురించి అనేకులు వ్రాస్తున్నారు. అవి వ్రాయవలసినవే. మేము మాత్రము మన పల్నాటి గడ్డ మీద క్రైస్తవ కుటుంబములో పుట్టి, తెలుగు పద్యమునకు కొత్త గొంతునిచ్చి, చివరకు సంఘమునకు వెలుపల నిలువవలసి వచ్చిన ఒక మహానుభావుని గురించి వ్రాయదలచాము. ఆయనే గుర్రం జాషువగారు. ఆయన కవిత్వములోని గుణదోషములు ఎంచడము మా పని కాదు, అందుకు పండితులు ఉన్నారు. పాటను ప్రేమించేవారు పాడినవానిని ఎందుకు దూరముగా ఉంచుతారు అనే ప్రశ్న ఒక్కటే మా చేత ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నది.

జాషువగారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. ఆనాడు అది కృష్ణా జిల్లా. 2022లో నరసరావుపేట కేంద్రముగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో నేడు వినుకొండ ఉన్నది. తండ్రి వీరయ్యగారు యాదవ కులస్థులు, తల్లి లింగమాంబగారు మాదిగ కులస్థురాలు. అటువంటి వివాహము ఆ కాలములో ఎంత సాహసమో మన పల్లెలను ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. పిల్లవానికి పరిశుద్ధ గ్రంథములోని పేరు పెట్టుకున్నారు గాని, ఆ పేరు బడిలో ఆయనను కాపాడలేదు. అంటరానివాడనే మాట అక్షరములతో పాటే ఆయన చెవిన పడినది.

చిన్ననాటి నుండి బొమ్మలు గీయడము, పాటలు పాడడము ఆయనకు ఇష్టము. తరువాత కవిగా పేరుపొందిన దీపాల పిచ్చయ్యశాస్త్రిగారు ఆయనకు బాల్యమిత్రులు. ఆ స్నేహములోనే పద్యము మీద మోజు పెరిగినది. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి వద్ద ఆయన మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము చదువుకున్నారు. ఈ రెండు పేర్లను మేము కావాలనే చెబుతున్నాము. తలుపులు మూసినవారిని తలచుకున్నప్పుడు, తలుపు తీసినవారిని మరచుట న్యాయము కాదు.

తెలుగువారికి పద్యము చదవడమంటే రాగము తీయడమే. సభలో లేచి గొంతెత్తి పద్యము పాడనిదే కవికి గుర్తింపు లేదు. ఒకసారి వినుకొండలో అవధాన సభ జరిగినది. యువకుడైన జాషువగారు ఆ సభలో తన పద్యములు చదివారు. పద్యము నడక తప్పినదని గాని, యతి చెడినదని గాని ఎవరూ ఆక్షేపించలేదు. తక్కువ కులము వానిని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు పెద్దలు అవమానించారు. ఆ పెద్దలు రసము తెలియనివారు కారు, పద్యము కోసమే వచ్చి కూర్చున్నవారు. అదే మనము ఆలోచించవలసిన సంగతి.

ఈ అనుభవము ఒక్కసారితో పోలేదు. తన కవిత్వము విని మెచ్చుకున్నవారే ఊరు, పేరు, తరువాత కులము అడిగి తెలుసుకొని, చటుక్కున లేచిపోతే గుండెలో కత్తి దిగినట్లుండేదని ఆయనే ఒక పద్యములో చెప్పుకున్నారు. నిందించినవాడు లేచిపోతే అంత బాధ లేదు. మెచ్చుకున్నవాడు, మెచ్చుకున్నందుకు తానే సిగ్గుపడి లేచిపోవడము, అది మరొక రకము బాధ.

బ్రతుకుతెరువు కూడా సులభముగా దొరకలేదు. 1910లో మేరీగారితో వివాహమైనది. మిషన్ పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతము మీద పనిచేశారు. ఆ ఉద్యోగము పోగా రాజమండ్రి చేరి, 1915-16 ప్రాంతములో మూకీ చిత్రములకు వాచకునిగా ఉన్నారు. తెర మీద బొమ్మలు కదులుతుంటే కథను, సంభాషణలను గొంతెత్తి వినిపించడము ఆ పని. చీకటిలో కూర్చున్న ప్రేక్షకులకు ఆ గొంతు కావాలి, గొంతుగల వాని కులము కనబడదు. ఆయన గొంతునకు అడ్డులేని చోటు బహుశా ఆ చీకటి ఒక్కటే.

పిమ్మట గుంటూరులో లూథరన్ సంఘము వారి ఉపాధ్యాయ శిక్షణాలయములో పదేండ్లు బోధించారు. ఉభయభాషా ప్రవీణులై, 1928 నుండి 1942 వరకు గుంటూరు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు.

ఇక సంఘము సంగతి. ఇది చెప్పకుండా దాటవేస్తే ఈ వ్యాసము వ్రాయనవసరమే లేదు. జాషువగారు సంస్కృత కావ్యములు చదవడము, హిందూ పురాణ కథలను పద్యములలో చెప్పడము క్రైస్తవ పెద్దలకు నచ్చలేదు. వారు ఆయనను వెలివేశారు. పండితులకు ఆయన మాదిగవాడు, మనవారికి ఆయన పురాణముల వాడు. అక్కడ పుట్టుక అడ్డు వచ్చినది, ఇక్కడ పాట అడ్డు వచ్చినది. ఇరువురి నడుమ నిలిచి, తాను ఏ గిరిలోనూ ఇమడని విశ్వనరుణ్ణని ఆయన చాటుకున్నారు.

ఆ నిలబడిన చోటునుండే ఆయన గొప్ప కావ్యములు పుట్టాయి. 1932లో ఫిరదౌసి వెలువడినది. పద్యమునకొక బంగారు నాణెము ఇస్తానని మాట ఇచ్చి, కావ్యము పూర్తియైన తరువాత వెండి నాణెములు పంపిన గజనీ మహమ్మదు కథ అది. రాజునకు కావ్యము కావాలి, కవి కష్టము అక్కరలేదు. పారశీక దేశపు ఆ కథలో జాషువగారు తన కథనే చూచుకున్నారని మాకు తోస్తుంది.

1941లో గబ్బిలము వచ్చినది. కాళిదాసు యక్షుడు మేఘముచేత సందేశము పంపాడు. వినుకొండలో చదువుకున్న ఆ కావ్యమునే జాషువగారు తీసికొని, యక్షుని స్థానములో ఒక అంటరాని పేదవానిని నిలిపి, మేఘమునకు బదులు గబ్బిలమును పంపారు. ఎందుకు గబ్బిలము? ఆ మనిషికి గుడిలో ప్రవేశము లేదు, గబ్బిలమునకు ఉన్నది. కాశీ విశ్వేశ్వరుని చెవిలో తన దుఃఖము చెప్పుమని ఆ పేదవాడు దానిని వేడుకుంటాడు. నీకు తగదని తనకు చెప్పిన విద్యతోనే ఆయన వారికి సమాధానము చెప్పారు. దూషించలేదు, వారు కాదనలేనంత చక్కగా పాడారు.

ఆయన శ్మశానవాటి పద్యములు సత్య హరిశ్చంద్ర నాటకములోని కాటిసీనులో చేరిపోయాయి. మా బాల్యములో పల్నాటి పల్లెలలో హార్మోనియము పెట్టుకొని తెల్లవార్లు ఆ నాటకము ఆడేవారు. కాటిసీను పద్యము రాగానే జనము వన్స్ మోర్ అని కేకలు వేసేవారు. కాటిలో రాజు పేద అందరూ ఒకటేనని ఆ పద్యములు చెబుతాయి. వాటిని ఊరివారు పందిరి ముందు చాపల మీద కూర్చుండి వినేవారు, మన పేటవారు వెనుక మట్టిలో కూర్చుండి వినేవారు. పద్యము ఊరి నడుమకు వెళ్లినది. పద్యము వ్రాసినవాని జనము మాత్రము వెనుకనే ఉన్నారు.

కాలము గడచిన కొలది సన్మానములు వచ్చాయి. పండిత లోకమునకు గురుతుల్యులైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తమ చేతులతో జాషువగారి కాలికి గండపెండేరము తొడిగారు. 1957 నుండి 1959 వరకు మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. 1964లో శాసన మండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్ వచ్చినది, ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ ఇచ్చినది. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. ఆయన కుమార్తె హేమలత లవణంగారు జోగిని వ్యవస్థ నిర్మూలనకు పాటుపడి తండ్రి పేరు నిలిపారు.

ఒక్క సన్మానమును వేరుగా చెప్పాలి. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఆయన కావ్యము క్రీస్తు చరిత్ర. 1958లో వెలువడిన ఆ కావ్యమును వ్రాసినవాడు మన పెద్దలు వెలివేసిన మనిషి. వారు ఆయనను వదలుకున్నారు గాని, ఆయన క్రీస్తును వదలుకోలేదు.

మేము ఇతరులను తప్పుపట్టి ముగించుట సులభమే. కాని ఒక సంగతి ఒప్పుకోవాలి. వేదాంత కళాశాలలో నాలుగు గొంతుల పాట నేర్చుకొని, ఆ గర్వముతోనే మేము మొదటి సంఘమునకు వచ్చాము. అక్కడ ఒక వృద్ధ సహోదరుడు డప్పు మీద యేసు జన్మ కథ పాడేవాడు. క్రిస్మస్ కార్యక్రమ పట్టికలో ఆయన పేరును గాయక బృందము తరువాత, అన్నిటికంటె చివర వ్రాసినది మేమే. పట్టణమునుండి వచ్చిన అతిథులు వింటే ఏమనుకుంటారో అని లోపల బిడియము. సమయము చాలలేదు. ఆయన డప్పును తువాలులో చుట్టుకొని వెళ్లిపోయాడు. మరుసటి ఆదివారము ఎప్పటివలెనే వచ్చి, వెనుక వరుసలో కూర్చుండి, మాతో కలిసి పాడాడు. ఒక్క మాట అనలేదు. వినుకొండ సభలో లేచి అభ్యంతరము చెప్పిన పెద్దలకు, మాకు ఆనాడు భేదమేమి?

బంగారు ఉంగరము పెట్టుకున్నవానికి మంచి స్థలము, మాసిన బట్టలవానికి పాదపీఠము దగ్గర స్థలము చూపుటను గూర్చి యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో హెచ్చరించాడు. స్థలము చూపవలసినది కుర్చీలలో మాత్రమే కాదు, పాటలో కూడా. కీబోర్డులు, మైకులు, మంచి గాయక బృందములు మనకు ఉన్నాయి, సంతోషమే. ఈ శతాబ్ది ఆరాధనలలో మీ సంఘములో డప్పు పట్టే చేయి, పల్లె బాణీలో పాడే గొంతు ఏ వరుసలో ఉన్నదో చూడండి. కార్యక్రమ పట్టికలో ఆ పేరును చివర వ్రాయకండి. మేము వ్రాశాము. ఆ వృద్ధుని పాట వినే అవకాశము మాకు మరల దొరకలేదు.