విట్లీ స్టోక్స్ – ఐరిష్ నామపదాల అర్థనిర్ణయం

ప్రాచీన ఐరిష్ భాషలో నామపదానికి అర్థం చెప్పాలంటే ముందు దాని విభక్తిని గుర్తించాలి. ఈ మార్గాన్ని సుస్థిరం చేసిన పండితులలో విట్లీ స్టోక్స్ ప్రముఖుడు. ఆయన ప్రసిద్ధ వైద్యుడు విలియం స్టోక్స్ కుమారుడు. 1830 ఫిబ్రవరి 28న డబ్లిన్ నగరంలో జన్మించాడు. ట్రినిటీ కళాశాలలో చదివి న్యాయవాది అయ్యాడు. జర్మన్ పండితుడు సీగ్‌ఫ్రీడ్ సాహచర్యం వల్ల సంస్కృతంలోను, తులనాత్మక వ్యాకరణంలోను అభినివేశం పొందాడు. లాటిన్ విభక్తులను ఐరిష్ పదాలతో వివరించే మధ్యయుగ లఘుగ్రంథాన్ని 1860లో పరిష్కరించి ప్రకటించాడు.

1862లో ఆయన మద్రాసు చేరాడు. అనంతరం కలకత్తాలో శాసననిర్మాణశాఖ కార్యదర్శిగాను, 1877 నుండి 1882 వరకు వైస్రాయి మండలిలో న్యాయసభ్యుడుగాను పనిచేశాడు. ఉద్యోగభారం ఆయన భాషావ్యాసంగానికి అడ్డురాలేదు. 908లో మరణించిన కాషెల్ రాజు కోర్మక్ పేర ఒక ప్రాచీన నిఘంటువు ఉంది. జాన్ ఓడొనవన్ దానిని ఆంగ్లీకరించి, ముద్రణ చూడకుండానే 1861లో కన్నుమూశాడు. మరుగునపడవలసిన ఆ అనువాదాన్ని స్టోక్స్ సంస్కరించి 1868లో కలకత్తాలో అచ్చువేయించాడు. పదాలకు వ్యుత్పత్తులు చెప్పే ఆ గ్రంథం యాస్కుని నిరుక్తాన్ని తలపిస్తుంది. సంస్కృత లిఖితప్రతుల సేకరణకు, సూచీనిర్మాణానికి ప్రణాళిక రూపొందించినదీ ఆ సంవత్సరమే.

ఇట్టి కృషి ఆవశ్యకతను రెండు పదాలు విశదం చేస్తాయి. ‘రీ’ అనగా రాజు. ప్రథమలో లోపించిన గకారం షష్ఠిలో ‘రీగ్’ అని బయటపడి, సంస్కృత ‘రాజ్’ శబ్దంతో బంధుత్వాన్ని చాటుతుంది. ‘కెన్’ పదానికి తల, కొస, నాయకుడు అని పలు అర్థాలు. దాని ద్వితీయారూపానికి ముందు ‘తర్’ చేరితే పక్షాన, బదులుగా అని అర్థం. చతుర్థీరూపమైన ‘కియున్’కు ముందు ‘అర్’ చేరితే ఎదుట అని అర్థం. విభక్తిని గమనించనివాడు రెండుచోట్లా తల అనే చెప్పి వాక్యాన్ని చెడగొడతాడు.

స్వదేశాగమనానంతరం స్టోక్స్ జాన్ స్ట్రాహన్‌తో కలిసి ప్రాచీన ఐరిష్ వ్యాఖ్యాపదాలను 1901, 1903 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువరించాడు. 1909 ఏప్రిల్ 13న లండన్‌లో పరమపదించాడు. ఆయన పరిష్కరించిన గ్రంథాలు తరువాతి ఐరిష్ నిఘంటుకర్తలకు ఆకరాలైనాయి.