తిరిగి కట్టిన 600 రూబుళ్లు

మేడమ్ క్యూరీ అనగానే మనకి రేడియం, రెండు నోబెల్ బహుమతులు గుర్తుకొస్తాయి. వాటికి ఎంతో ముందు ఆమె చేతికందిన ఒక స్కాలర్‌షిప్ సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అదే గనక రాకపోతే ఆమె కథ మరోలా ఉండేదేమో!

1867 నవంబరు 7న పోలెండ్‌లోని వార్సాలో పుట్టింది మేరీ. అయిదుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి లెక్కలు, ఫిజిక్సు చెప్పే మాస్టారు. అప్పుడు వార్సా రష్యా జారు పాలనలో ఉండేది. పైవాళ్లకి గిట్టక తండ్రి ఉద్యోగంలో హోదా పోయింది. దాచుకున్న కాస్త సొమ్మూ ఒక బంధువు వ్యాపారంలో పెట్టి పోగొట్టుకున్నాడు. మేరీకి పదేళ్లప్పుడు తల్లి క్షయతో కన్నుమూసింది.

1883లో బంగారు పతకంతో స్కూలు చదువు ముగిసింది. ఆ పైన? వార్సా యూనివర్సిటీ ఆడపిల్లల్ని గడప తొక్కనివ్వదు. పారిస్ వెళ్లాలంటే డబ్బులెక్కడివి? తండ్రి సంపాదన ఇల్లు గడవడానికే చాలదు. అక్క బ్రోన్యాకేమో డాక్టరు కావాలని ఉంది. అక్కచెల్లెళ్లిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ముందు అక్క పారిస్‌లో చదువుతుంది, చెల్లెలు సంపాదించి పంపుతుంది. తర్వాత చెల్లెలి చదువు అక్క చూసుకుంటుంది. ఈ ఉపాయం చెప్పింది చిన్నదైన మేరీయే.

1886 జనవరిలో, 18 ఏళ్ల పిల్ల, ఊరుకాని ఊళ్లో ఓ కలవారింట పిల్లలకి చదువు చెప్పడానికి కుదిరింది. ఏడాదికి 500 రూబుళ్ల జీతం. ఆ ఇంటి పెద్దకొడుకు ఆమెని ఇష్టపడ్డాడు. జీతానికి వచ్చిన పిల్లని కోడలిగా చేసుకోవడం కుదరదన్నారు పెద్దలు. ఇంకొకరైతే మర్నాడే పెట్టె సర్దుకునేవారు. మేరీకి ఆ వీలేదీ? నెలనెలా అక్కకి డబ్బు పంపాలి. మనసు రాయి చేసుకుని 1889 దాకా అదే ఇంట్లో పనిచేసింది. రాత్రుళ్లు ఫిజిక్సు, లెక్కల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది.

1891 నవంబరులో పారిస్‌లోని సోర్బాన్‌లో చేరేనాటికి ఆమెకి దాదాపు 24 ఏళ్లు. కొన్నాళ్లు అక్కాబావల దగ్గర ఉండి, కాలేజీకి దూరమవుతోందని విడిగా గది తీసుకుంది. నెలకి 40 రూబుళ్లు. అద్దె, తిండి, ఫీజులు, పుస్తకాలు అన్నీ అందులోనే. పై అంతస్తులోని ఇరుకు గదికి చలికాలంలో బొగ్గు తనే మోసుకెళ్లేది. రొట్టె, టీలతో రోజులు నెట్టి ఒకనాడు కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరైన బావ వచ్చి ఇంటికి తీసుకుపోయి కడుపునిండా తిండి పెట్టించాడు.

1893లో ఫిజిక్సు డిగ్రీ పరీక్షలో అందరికన్నా ముందు నిలిచింది. లెక్కల డిగ్రీ కూడా చెయ్యాలి. కానీ సెలవులకి ఇంటికొచ్చాక చూస్తే తిరిగి వెళ్లడానికి చేతిలో డబ్బు లేదు. ముసలి తండ్రిని ఏమడుగుతుంది? అక్కకి అప్పటికే చంటిబిడ్డ, సంసారం. తనకోసం బయటివాళ్లని చెయ్యి చాపడం మేరీకి చేతకాలేదు.

ఆ పని స్నేహితురాలు చేసింది. విదేశాల్లో పైచదువులు చదివే ప్రతిభగల విద్యార్థుల కోసం వార్సాలో అలెగ్జాండ్రోవిచ్ స్కాలర్‌షిప్ ఉండేది. దిదిన్‌స్కా అనే ఆ అమ్మాయి మేరీ తరఫున పట్టుబట్టి తిరిగి దాన్ని సాధించింది. మొత్తం 600 రూబుళ్లు. నెలకి 40 చొప్పున 15 నెలలు గడిచిపోతాయి!

1894లో లెక్కల డిగ్రీ రెండో స్థానంలో వచ్చింది. ఆ ఏడే ఉక్కుల అయస్కాంత గుణాల మీద పరిశోధన చేసే పని దొరికింది. దానికి లాబొరేటరీ వెతుక్కుంటూ ఉండగానే పియర్ క్యూరీ పరిచయమయ్యాడు. 1895లో పెళ్లయింది.

ఆ ఉక్కు పరిశోధనకి డబ్బు రాగానే మేరీ మొట్టమొదట చేసిన పని 600 రూబుళ్లు మిగిల్చి స్కాలర్‌షిప్ వాళ్లకి పంపడం. అక్కడి కార్యదర్శి తెల్లబోయాడట. అంతవరకూ అలా తిరిగి ఇచ్చినవాళ్లే లేరు మరి! మేరీ దృష్టిలో మాత్రం అది అప్పు. ఆ సొమ్ము తన దగ్గరుండిపోతే ఇంకో పేదపిల్ల చదువు ఆగిపోతుందని ఆమె బెంగ.

1903లో, 1911లో నోబెల్ బహుమతులొచ్చాయి. 1934లో ఆమె కన్నుమూసింది. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే.

మన ఇళ్లల్లో ఇప్పటికీ స్కాలర్‌షిప్ ఫారం నింపడమంటే నామోషీ పడే పిల్లలున్నారు. అమ్మానాన్నల అండ లేని పిల్లలకైతే ఎవరిని, ఏమని అడగాలో కూడా తెలియదు. వాళ్లే నోరు తెరిచి అడగాలని ఏముంది? పక్కనున్న మనమూ దిదిన్‌స్కాలా నాలుగు గుమ్మాలెక్కి వాళ్లకోసం అడగొచ్చు.