లెక్కకు నిలిచిన పొదుపు

నూజివీడు సీమ మామిడికి పుట్టినిల్లు వంటిది. వేసవి రాగానే చిన్న రసములు, పెద్ద రసములు, బంగినపల్లి, కలెక్టరు కాయలతో ఆ తోటలు కొమ్మ కొమ్మకు బరువెక్కి కన్నుల పండువు చేయును. కాని ఆ నిండుదనము రెండు మూడు మాసములకు మించి నిలువదు. పూతను మంచు తాకినను, పిందెను గాలివాన రాల్చినను ఏడాది కష్టము నేలపాలగును. అందువలన ఆ సీమ రైతునకు పొదుపు అలంకారము కాదు, బ్రతుకు తెరువు. రాలిన కాయను ఏరి ఒరుగులుగా ఎండబెట్టుకొనును. పగిలిన పండును పారవేయక తాండ్రకు వాడును. కాయలను మాగవేసిన గడ్డిని సైతము దాచుకొనును. ఇదంతయు ధర్మసమ్మతమైన మిగులు. అయితే గంప అడుగున పిందె కాయలను దాచి, పైవరుసలో మేలి కాయలను పేర్చి అమ్మినచో వచ్చునదియు మిగులే. ఒకే చేతిలోనికి వచ్చు ఈ రెండు మిగుళ్ల నడుమ గీత ఎచ్చట నున్నది? ఆ గీతను జీవితమంతయు వెదకి, కనుగొని, దానిని దాటని మహనీయుడొకరు 1929వ సంవత్సరము మామిడి పండ్ల కాలములోనే నాటి కృష్ణా మండలమున సంచరించిరి. ఆయనయే మోహనదాసు కరంచందు గాంధీ మహాత్ముడు.

1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించిన మోహనదాసు పుట్టుకతో మహాత్ముడు కాడు. పదునైదేండ్ల ప్రాయమున అన్నగారికి ఇరువదియైదు రూపాయల వరకు అప్పు పడినది. అన్న చేతికి బంగారు దండకడియముండెను. దానినుండి కొంచెము ముక్క తీసినచో ఎవరికిని తెలియదు, అప్పు తీరును, ఇంటిలో ఎవరును క్రొత్తగా ధనము వెచ్చించనక్కర లేదు. లోకదృష్టిలో అది ఇంటి సొమ్ముతో ఇంటి అప్పును తీర్చుటయే. పని జరిగినది. అప్పు తీరినది. కాని బాలుని మనస్సు నిలువలేదు. తండ్రికి చెప్పక తీసినది ఇంటిదైనను దొంగిలించినదే యని తోచినది. తప్పును కాగితముపై వ్రాసి, శిక్షింపుమని వేడుకొని, మంచముపై పడియున్న తండ్రి చేతిలో పెట్టెను. తండ్రి కోపింపలేదు. కన్నీరు కార్చి ఆ కాగితమును చించివేసెను. ఆ కన్నీటిలో బాలుడు తొలి పాఠము నేర్చెను. కాజేసిన బంగారము ఎంత చిన్నదైనను, దాచవలసి వచ్చినప్పుడే దానికి దొంగతనమను పేరు వచ్చును.

1888లో న్యాయశాస్త్రము చదువుటకు ఆయన లండను చేరెను. మొదట దొరల వేషమునకు, నాట్యమునకు, వాయిద్యమునకు కొంత ధనము వ్యర్థమైనది. త్వరలోనే మేలుకొని, అన్న పంపు సొమ్ము కష్టార్జితమని గుర్తించి, వ్యయమును సగమునకు తగ్గించుకొనెను. చిన్న గదిలో ఉండి, కొంత వంట తానే చేసికొని, బండి ఎక్కక దినమునకు ఎనిమిది పది మైళ్లు నడచుచుండెను. తపాలా బిళ్ల మొదలు బండి కిరాయి వరకు ప్రతి కాసును పుస్తకమున వ్రాసి, రాత్రి నిద్రించుటకు ముందు లెక్క సరిచూచుకొనుచుండెను. ఇచ్చట తగ్గినది తన సుఖము మాత్రమే. అన్నకు చేరవలసిన లెక్క తగ్గలేదు. విద్యార్థి దశలో అలవడిన ఈ జమాఖర్చుల నియమమే తరువాత లక్షల ప్రజాధనము ఆయన చేతి మీదుగా నడచినప్పుడు రక్షాకవచమైనది.

1893లో ఆయన దక్షిణాఫ్రికాకు వెడలిరి. మరుసటి సంవత్సరము నేటాలు భారతీయ కాంగ్రెసు స్థాపితమైనది. చందా ఎంత స్వల్పమైనను రసీదు ఇచ్చుట, ప్రతి పైసకు ఆధారము దాచుట అచ్చట నియమముగా పెట్టిరి. లెక్కలు శుభ్రముగా లేనిచోట సత్యము శుభ్రముగా నిలువజాలదని వారి నిశ్చయము. న్యాయవాద వృత్తిలోను ఇదే నియమము పరీక్షకు వచ్చినది. ఒక కక్షిదారునకు మధ్యవర్తుల తీర్పు పూర్తిగా అనుకూలముగా వచ్చినది. అయితే లెక్కలో ఒక పద్దు ఒక వైపు పడుటకు బదులు మరియొక వైపు పడినది. అది ప్రతివాదులు పట్టుకొనని పొరపాటు. ఊరకున్నచో లాభము తమదే. పెద్ద న్యాయవాది ఊరకుండుటయే కక్షిదారునకు మేలనెను. గాంధీజీ మాత్రము న్యాయస్థానమున తామే ఆ తప్పును ఒప్పుకొనవలెనని పట్టుబట్టిరి. ఒప్పుకొనిరి. న్యాయాధిపతులు మొదట శంకించినను తుదకు తప్పును మాత్రము సవరించి తీర్పును నిలిపిరి. ఎదుటివాని పొరపాటు వలన మిగిలిన సొమ్ము కూడ మనది కాదని ఆ వ్యవహారము తేటపరచినది.

ఇంతకంటె కఠినమైన పరీక్ష వారి ఆప్తమిత్రుడు పార్సీ రుస్తుంజీ రూపమున వచ్చినది. రుస్తుంజీ డర్బనులో పేరుగాంచిన వర్తకుడు, దాత, ప్రజాసేవలో ముందుండువాడు. అయినను బొంబాయి, కలకత్తాల నుండి తెప్పించు సరకులపై కొంత సుంకమును ఎగవేయు అలవాటు ఆయనకు పట్టుకొనియుండెను. సుంకపు అధికారులు ఆయనయందలి విశ్వాసముచే పట్టీలను పరీక్షింపకయే అంగీకరించుచుండిరి. అదియే ఆయనకు అవకాశమైనది. వర్తకులు పలువురు దీనిని నేర్పరితనముగను, ఖర్చు తగ్గించుకొనుటగను భావింతురు. గుట్టు బయటపడినప్పుడు రుస్తుంజీ కన్నీటితో గాంధీజీని ఆశ్రయించెను. గాంధీజీ స్నేహమును చూచి తప్పును కప్పలేదు, తప్పును చూచి స్నేహమును విడువలేదు. అధికారుల యెదుట సర్వము ఒప్పుకొమ్మని, శిక్ష పడినచో సంతోషముగా అనుభవింపుమని, అసలు సిగ్గు కారాగారమున లేదు, చేసిన పనిలో ఉన్నదని బోధించిరి. తామే సుంకపు అధికారిని, ప్రభుత్వ న్యాయవాదిని కలసి లెక్కపుస్తకములన్నియు చూపించిరి. ఒప్పుకొన్న మొత్తమునకు రెట్టింపు చెల్లించుటతో వ్యవహారము ముగిసినది. రుస్తుంజీ ఆ కథనంతటిని వ్రాయించి, చట్రము కట్టించి, తన కచేరీలో గోడకు వ్రేలాడదీసెను. తన వారసులకును తోటి వర్తకులకును అది నిత్యస్మరణగా ఉండవలెనని ఆయన కోరిక. ఏ కాగితము పెట్టె అడుగున దాగవలసి యుండెనో అది గోడమీదికి వచ్చినది. ప్రాయశ్చిత్తమనగా నదియే.

1901లో గాంధీజీ స్వదేశమునకు బయలుదేరునప్పుడు నేటాలు భారతీయులు బంగారు, వెండి, వజ్రపు కానుకలను కుప్పలుగా ఇచ్చిరి. అందు కస్తూరిబాకు ఇచ్చిన యాబది గినీల విలువగల హారమును గలదు. గాంధీజీకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రజాసేవకు వచ్చిన కానుక సేవకుని సొత్తగునా యను ప్రశ్న వారిని కలచివేసినది. కస్తూరిబా వాదన సామాన్య గృహిణి వాదన. రేపు కోడండ్రు వచ్చెదరు, వారికి నగలు వలయును, ప్రేమతో ఇచ్చినదానిని తిరిగి ఇచ్చుట ఏల యని ఆమె కంట తడిపెట్టెను. అది దురాశ కాదు, తల్లి ముందుచూపు. ఏ తెలుగు ఇల్లాలైనను అట్లే అనును. తుదకు భర్త మాటయే నెగ్గినది. ఆ కానుకలన్నియు సమాజసేవకై ధర్మనిధిగా ఏర్పడినవి. ఆ ధర్మకర్తలలో రుస్తుంజీయు నొకడు.

యోగశాస్త్రము చెప్పిన యమములలో అహింసా సత్యముల తరువాత వచ్చునది అస్తేయము, అనగా దొంగిలింపకుండుట. అపరిగ్రహము దానికి తోబుట్టువు. గాంధీజీ ఈ రెంటిని ఆశ్రమ వ్రతములుగా స్వీకరించి, అర్థమును ఇంకను లోతుగా తీసికొనిపోయిరి. పరుని వస్తువును తీయుటయే కాదు, అవసరమునకు మించి తీసికొనుట, అప్పగించినదానిని వేరొక పనికి వాడుట కూడ స్తేయమే యని వారి బోధ. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రము వారికి ప్రాణము. సర్వము ఈశ్వరునిది, ఆయన ఇచ్చినదానితో తృప్తి చెందుము, ఇతరుల ధనమును ఆశింపకుము అను భావముగల ఆ మంత్రములో హిందూధర్మసారమంతయు నిమిడియున్నదని 1937లో తిరువాన్కూరు పర్యటనమున వారు పలుమారులు ప్రబోధించిరి.

ఆంధ్రదేశమునకును వారి లెక్కకును సంబంధము చిరకాలముది. 1921 మార్చి, ఏప్రిలు సంధిలో బెజవాడ కాంగ్రెసు సమావేశమున తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు సమకూర్చవలెనని తీర్మానము జరిగినది. అదే సంవత్సరము సెప్టెంబరులో వారు మధురలో అంగవస్త్రములను విడిచి కొల్లాయికి దిగిరి. దేశమునకు కోటి అడిగినవారు తమకు ఒక మూర బట్టను తగ్గించుకొనిరి. మరల 1929 ఏప్రిలు, మే మాసములలో ఖద్దరు నిధికై ఆంధ్ర మండలములను చుట్టిరి. మండుటెండలలో బెజవాడ, బందరు, ఏలూరు మొదలుగా గ్రామగ్రామమున జనము తమ కాసులను, స్త్రీలు తమ గాజులను, ఉంగరములను అర్పించిరి. రెండు లక్షల రూపాయలకు పైగా సమకూడినది. పేదరాలు కొంగుముడి విప్పి ఇచ్చిన కాసునకును, ధనవంతుని సంచికిని లెక్కలో భేదము లేదు.

ఆ ఏప్రిలు మాసముననే తమ పత్రికలో గాంధీజీ తమ ఇంటి వ్యవహారమునే లోకము ముందుంచిరి. సబర్మతి ఆశ్రమమున నివసించువారు స్వంతముగా ధనము ఉంచుకొనరాదు. కస్తూరిబా కొంతకాలము క్రిందట ఇతరులు ఇచ్చిన నూరు, రెండు నూరుల రూపాయలను దాచియుంచినట్లు, ఆశ్రమమున దొంగలు పడినప్పుడు బయటపడినది. ఆమె పశ్చాత్తాపపడెను. పిదప ఎవరో క్రొత్తవారు ఆమెకు నాలుగు రూపాయలు ఇచ్చిరి. ఆమె వానిని కార్యాలయమున జమకట్టక తనయొద్దనే ఉంచుకొనెను. ఆశ్రమవాసి ఒకరు గుర్తుచేయగా మరల అప్పగించెను. నాలుగు రూపాయలు! ఏ సంసారమున నైనను కొంగున ముడివేసికొను సొమ్ము. దానితో ఆమె పట్టుచీర కొనలేదు, విందు చేయలేదు. అయినను వ్రతము పట్టిన చోట అది పొదుపు కాలేదు. గాంధీజీ ఆ సంగతిని భార్య తప్పుగా మాత్రమే వ్రాయలేదు, తమ దుఃఖముగను, తమ సిగ్గుగను వ్రాసికొనిరి. అంతటి సాధ్వి పేరును బజారున పెట్టవలెనా యని నేటికిని చదువరి మనస్సు చివుక్కుమనును. కాని పేదల కాసులు పట్టుచున్న చేయి తన ఇంటిలో నాలుగు రూపాయలను లెక్కకు తేకున్నచో ఆ కాసులకు జామీను ఎవరు?

ఇంత కఠినులైన గాంధీజీయే పొదుపులో ఎవరికిని తీసిపోరు. చిన్న పెన్సిలు ముక్కను పారవేయనీయరు. ఒకవైపు వ్రాసిన కాగితపు రెండవ వైపును వాడుదురు. గ్రామపరిశ్రమల పునరుద్ధరణకు పూనుకొన్న దినములలో మామిడి టెంకలోని జీడి సైతము ఆహారముగా ఉపయోగపడునని తమ పత్రికలో ప్రస్తావించిరి. మామిడి సీమవారికి ఇది హృద్యమైన విషయము. పారవేయు టెంకలో అన్నమును చూచిన దృష్టియే, దాచిన నాలుగు రూపాయలలో అపరాధమును చూచినది. రెండును ఒకే దృష్టి. ఏ వస్తువును వ్యర్థము కారాదు, ఏ వస్తువును దాని యజమానికి తెలియక తరలిపోరాదు. 1948 జనవరి 30న వారు దేహము చాలించునాటికి మిగిలిన స్వంత సామగ్రి కండ్లజోడు, గడియారము, పాదరక్షలు, పాత్రలు వంటి కొద్ది వస్తువులే.

ఈ చరిత్రనుండి గీత స్పష్టముగా కనబడుచున్నది. పొదుపు తన కోరికను కోయును, మోసము ఎదుటివాని వంతును కోయును. పొదుపు లెక్కపుస్తకమునకు వెరవదు, మోసము మరుగును వెదకును. ఇది తెలిసికొన్న కన్నుతో మరల నూజివీడు తోటలకు వచ్చినచో, గంప అడుగును, పై వరుసను ఒకే తీరుగ నింపువాడు వర్తకము చేయుచునే వ్రతము చేయుచున్నాడని తెలియును. గడ్డిలో మాగబెట్టుటకు పట్టు దినములను మిగుల్చుకొనుటకై కార్బైడు పొట్లములను వాడువాడు తినువాని ఆరోగ్యమునుండి ఆ దినములను దొంగిలించుచున్నాడు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దానిని నిషేధించినవి. అస్తేయమను ధర్మము అంతకు ఎన్నో యుగముల ముందే నిషేధించినది. అట్లు వచ్చిన సొమ్ములో కొంత దేవుని హుండీలో వేసినంత మాత్రమున శేషము శుద్ధి కాదు. స్వామికి ప్రీతి యగు కానుక ముందుగా తోటి మనుజుని లెక్క సరిపెట్టినదై యుండవలెను. రాత్రి దీపమార్పుటకు ముందు ఆనాటి జమాఖర్చులను అంతర్యామి యెదుట ఒకసారి చదువుకొనగలిగిన గృహమున పొదుపు పొదుపుగనే నిలుచును, లక్ష్మి లక్ష్మిగనే నిలుచును.