త్యాగరాజస్వామి

తంజావూరునకు సమీపమున, కావేరీ తీరమందు తిరువయ్యారను ఊరు కలదు. ఇన్నూరేండ్ల క్రిందట ఆ వీథులలో ఒక గాయకుడు తంబుర మీటుచు, తాను కట్టిన కీర్తనలనే పాడుచు నడచుచుండెడివాడు. ఇల్లాండ్రు వాకిటికి వచ్చి అతని పాత్రలో గుప్పెడు బియ్యము వేయుచుండిరి. దీనిని ఉంఛవృత్తి యందురు. నోరు తెరచి యాచింపరాదు, రేపటికని దాచుకొనరాదు. ఆ గాయకుడే కాకర్ల త్యాగరాజు.

ఆయన 1767లో తిరువారూరున రామబ్రహ్మము, సీతమ్మ అను తెలుగు దంపతులకు జన్మించెను. సంగీతము నేర్పిన శొంఠి వేంకటరమణయ్య తంజావూరు ఆస్థాన విద్వాంసుడు. కావున శిష్యునకు కొలువు దొరకుట కష్టము కాదు. శరభోజి మహారాజు ధనము పంపి పిలిపించెననియు, త్యాగరాజు ఆ ధనమును త్రిప్పి పంపెననియు చెప్పుదురు. రాముని పాడిన నోట రాజును పొగడుటకు ఆయనకు మనసొప్పలేదు.

ఇంటిలో మాత్రము ఈ నిర్ణయము నచ్చలేదు. అన్న జపేశుడు ఆగ్రహించి, తమ్ముడు పూజించు విగ్రహములను కావేరిలో పారవైచెనట! వానిని వెదకి కనుగొనువరకు త్యాగరాజునకు శాంతి లేకపోయెను. ఈ కథలు శిష్యపరంపర వలన వచ్చినవి. అయినను ఇంటివారి వలన కలిగిన బాధ ఆయన కీర్తనలలోనే వినవచ్చుచున్నది. పేదవాని యింట పుట్టినది అన్నకు కనబడుట సహజమే. ఆతనిని మిక్కిలి నిందింపనక్కరలేదు.

మాటయు పాటయు రెండును ఆయనవే. ఒకే పల్లవిని క్రమక్రమముగా పెంచుచు పలువిధముల పాడు సంగతులను ఆయన విరివిగా వాడెను. ఖరహరప్రియ వంటి రాగములకు ఆయన కృతుల వలననే ప్రచారము కలిగెను. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని పంచరత్నములు నేటికిని ఆరాధనదినమున అందరు కలిసి పాడుదురు.

ఆయన 1847లో సిద్ధి పొందెను. కొలువు లేదు, కోశము లేదు. మరి ఆ పాటలు ఎట్లు నిలిచినవి? వాలాజాపేట వేంకటరమణ భాగవతారు మొదలగు శిష్యులు తాటియాకులపై వ్రాసికొనిరి, నోట నిలుపుకొనిరి. అట్లు సుమారు ఏడునూరు కీర్తనలు మనకు దక్కినవి.

సమాధి మాత్రము పాడువడెను. ఇరువదవ శతాబ్దమున బెంగుళూరు నాగరత్నమ్మ అను గాయని తన సొమ్ములు వెచ్చించి అచ్చట గుడి కట్టించెను. ఆ రోజులలో ఆరాధనసభలో పాడుటకు స్త్రీలను రానీయకుండిరి. ఆమె పోరాడి వారికిని చోటు సంపాదించెను. 1952లో మరణించిన ఆమె సమాధియు ఆ గుడి సమీపముననే కలదు.