మూసీకి దారి చూపిన విశ్వేశ్వరయ్య

సూర్యాపేట: అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ నగరం మీదుగా ప్రవహించి, సూర్యాపేట సమీపంలోని సోలిపేట వద్ద జలాశయాన్ని నింపి, మిర్యాలగూడ ప్రాంతంలోని వాడపల్లి వద్ద కృష్ణమ్మలో కలుస్తుంది. ఈ నది వరదను అదుపు చేసే మార్గం చూపి, హైదరాబాద్ నగరాభివృద్ధికి శాస్త్రీయమైన పునాది వేసిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన ఆలోచనల్లో ఆచరణకు నోచుకున్న భాగం రాజధానిని కాపాడింది. కాలక్రమంలో నిర్లక్ష్యానికి గురైన భాగం దిగువనున్న మన పల్లెలకు, పట్టణాలకు శాపంగా పరిణమించింది.

పేదరికం నుంచి ఉన్నత శిఖరాలకు..

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం ఆయన పూర్వీకుల గ్రామం. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగళూరులో పట్టభద్రులయ్యారు. 1883లో పుణెలో ఇంజినీరింగ్ పూర్తిచేసి, మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు. ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక గేట్లు దేశవ్యాప్తంగా పేరు తెచ్చాయి. 1908లో ఉద్యోగ విరమణ చేశారు.

788 చెరువుల లెక్క

అదే ఏడాది సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. సుమారు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం 1909లో విశ్వేశ్వరయ్య సేవలను కోరింది. ఆయన నగరంలోని శిథిలాలను చూసి సరిపెట్టుకోలేదు. వాన ఎక్కడ కురిసింది, ఎంత కురిసింది, నీరు ఏ దారిన వచ్చింది అనే అంశాలను ఎగువ ప్రాంతమంతటా పరిశీలించారు. పరీవాహకంలోని 788 చెరువులలో 221 తెగిపోయినట్లు తేల్చారు. గొలుసుకట్టు చెరువులు వరుసగా తెగడంతో ప్రళయం మరింత పెరిగిందని గుర్తించారు. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై రెండు జలాశయాలు నిర్మించాలని సూచించారు. అలీ నవాజ్ జంగ్ వంటి నిజాం ప్రభుత్వ ఇంజినీర్ల కృషితో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద రక్షణతో పాటు నగరానికి తాగునీరూ లభించింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను తొలగించి విశాలమైన వీధులు, ఇళ్లు నిర్మించింది.

మురుగుకూ మార్గం

మైసూరు చీఫ్ ఇంజినీరుగా, 1912 నుంచి 1918 వరకు దివానుగా పనిచేసిన విశ్వేశ్వరయ్య 1922లో మళ్లీ హైదరాబాద్ వచ్చి మురుగునీటి పారుదల పనులపై దృష్టి సారించారు. మురుగును వీధుల్లో, నదిలో వదలకుండా భూగర్భ గొట్టాల ద్వారా నగరం వెలుపలికి తరలించాలన్నది ఆ పథకం సారాంశం. అప్పటి నగర జనాభా సుమారు 4 లక్షలు. ఆ తర్వాత జనాభా ఎన్నో రెట్లు పెరిగినా, పారుదల వ్యవస్థ ఆ మేరకు విస్తరించలేదు. పర్యవసానంగా మురుగు, పారిశ్రామిక వ్యర్థాలు మూసీలోకి చేరాయి.

భారం మోసిన సూర్యాపేట

1954లో పనులు మొదలై 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు సామర్థ్యం 4.46 టీఎంసీలు. రైతులకు ఆధారమైన ఈ జలాశయమే సూర్యాపేట పట్టణానికి దశాబ్దాల పాటు తాగునీరు అందించింది. రాజధాని వదిలిన నీటినే శుద్ధి చేసుకొని తాగవలసిన దుస్థితి ఇక్కడి ప్రజలది. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు వచ్చాకే ఆ బెడద తీరింది. 1952లో ఏర్పడిన సూర్యాపేట పురపాలక సంఘం మాత్రం 2000 దశకంలో ఇంటింటి చెత్త సేకరణ, వర్మీ కంపోస్టు తయారీతో ఇతర రాష్ట్రాల దృష్టిని ఆకర్షించింది. తన చెత్తను పొరుగువారిపైకి నెట్టకుండా సంపదగా మార్చుకున్న తీరు ప్రశంసలందుకుంది.

1955లో భారతరత్న పొందిన విశ్వేశ్వరయ్య వందేళ్లు నిండిన తర్వాత 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఏటా సెప్టెంబరు 15న ఇంజినీర్ల దినోత్సవం పేరిట ఆయన చిత్రపటానికి పూలమాలలు వేయడం ఆనవాయితీ. నీరు ఎక్కడ నుంచి వస్తుందో, వాడిన తర్వాత ఎక్కడికి పోతుందో లెక్కగట్టిన తర్వాతే పట్టణ నిర్మాణం తలపెట్టాలన్నది ఆయన పని నేర్పే పాఠం. మూసీ చెంతనున్న సూర్యాపేట, మిర్యాలగూడలతో పాటు దూరంగా ఉన్న కోదాడ పురపాలకులూ ఆ పాఠాన్ని ఆచరణలో పెట్టినప్పుడే ఆయనకు నిజమైన నివాళి.