అర్థమయ్యే భాషలో చదువు

నౌపడ నుంచి రైలుమార్గం వెళ్ళే పర్లాకిమిడిలో 1880లో ఉపాధ్యాయుడిగా చేరారు గిడుగు వెంకట రామమూర్తి (1863-1940). కొండల్లోని సవరలకు తెలుగు పాఠం అర్థమయ్యేది కాదు. తప్పు పిల్లలదని ఆయన అనుకోలేదు. తానే విద్యార్థి అయ్యారు. సవర భాష వచ్చిన మనిషిని ఇంట పెట్టుకుని ఆ భాష నేర్చారు. అందులోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడి నడిపారు. ప్రభుత్వం ఇవ్వజూపిన పారితోషికాన్ని కూడా సవరల బడులకే వెచ్చించమన్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు.

దైవప్రవక్తలు సైతం తమ జాతి భాషలోనే బోధించారు. బడిలోనైనా, ఫోను ముందైనా పిల్లవాడు దిక్కులు చూస్తుంటే కోప్పడే ముందు ఆలోచిద్దాం: మనం చెప్పేది వాడికి అర్థమయ్యే మాటల్లోనే ఉందా?