కానాగంత పేరు నిలిపిన దొర

సెలవులు వచ్చినవనగా మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ కూడళ్లలో రాత్రివేళ విశాఖ బస్సుల కొరకు ఎదురుచూచే కుటుంబాలు ఎన్నో కనిపిస్తవి. ఋషికొండ కడ పడవ విహారము, అలల అంచున పిల్లల కేరింతలు ముగించుకొని మరలివచ్చిన వారిలో, ఆ ఒడ్డున దిగిన చేప పేరేమిటని జాలరిని అడిగినవారు ఎందరుందురు? రెండువందల ఏండ్లకు పూర్వమే అడిగిన పరదేశి ఒకడున్నాడు. ఆయన పాట్రిక్ రస్సెల్.

ఎడింబరోలో పుట్టి, వైద్యము నేర్చి, సిరియా దేశపు అలెప్పో నగరంలో చాలాకాలము వైద్యుడుగా ఉండి, అక్కడ ప్లేగు మహమ్మారిని కన్నులార చూచి పరిశీలించినాడు. సోదరుడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ పక్షాన విశాఖపట్నంలో అధికారి కాగా, ఆయనకు తోడుగా 1781లో మన దేశానికి ప్రయాణమైనాడు. అప్పటికి యాభయ్యేళ్లు దాటినవాడు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడైన కోయినిగ్ మరణించగా ఆ పదవి రస్సెల్‌కు లభించినది.

విశాఖ తీరమే ఆయనకు పాఠశాల. ఒడ్డుకు చేరిన చేపలను సేకరించి, స్థానిక చిత్రకారుని చేత బొమ్మలు గీయించినాడు. జాలరులు పలికిన పేర్లను తీసివేయక, తన చెవికి వినిపించినట్లు ఆంగ్లలిపిలో వ్రాసుకొన్నాడు. మన పులస ఆయన పుటలలో పలస. పాములను గూర్చియు అంతే శ్రద్ధ. వాటిలో విషమున్నవేవో లేనివేవో తేల్చుటకు పరీక్షలు జరిపినాడు. 1789లో స్వదేశమునకు మరలి, 1796లో సర్పములను గూర్చియు, 1803లో విశాఖ చేపలను గూర్చి రెండు సంపుటములుగాను గ్రంథములు వెలువరించినాడు. 1805 జూలై 2న కన్నుమూసినాడు.

ఇందులో ఒక చిత్రమున్నది. కాటుక రేకుల పొడ అను తెలుగు పేరుతో ఆయన వర్ణించిన రక్తపింజరికి శాస్త్రలోకము ఆయన పేరే పెట్టినది. మన పేరు మరుగుపడినది. చేప విషయమున ఇది తలక్రిందులైనది. రస్సెల్ గ్రంథములోని బొమ్మను ఆధారముగా గొని ఫ్రెంచి పండితుడు కువియే 1816లో ఒక చేపకు కనగుర్త అని నామకరణము చేసినాడు. అది విశాఖ రేవులోని కానాగంతయే. నేడు ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను దానిని రాస్ట్రెలిగర్ కనగుర్త అనియే వ్రాయవలెను. కట్లపాముల జాతికి గల బంగారస్ అను పేరును ఆయన వ్రాసుకొన్న బంగరు పామునుండి పుట్టినదే.

ఆ బొమ్మలు గీసిన చేతికిగాని, ఆ పేర్లు చెప్పిన నోటికిగాని గ్రంథముఖమున చోటు లేదు. రస్సెల్ పేరు నిలిచినది, వారి మాట నిలిచినది, వారు మాత్రము నిలువలేదు. ఆ మాటలనైనను మనము పోగొట్టుకొనరాదు. ఈసారి విశాఖకు పోవువారు పడవ దిగిన పిమ్మట వల విప్పుచున్న జాలరి వద్ద ఒక్క నిమిషము నిలిచి, చేప పేరు అడిగి, పిల్లల చేత పలికింపవలెనని నా మనవి.